ఒక్కరి చెయ్యే చూడాలి

నవంబరు 9
ఇల్లు, వంటగది బల్ల దగ్గర

తమ్ముడికి,

ఈ రోజు పనులు: రెండు విడతల బట్టలు ఉతికి ఆరేశాను. దుప్పట్లు మార్చాను. మీ బావ కళ్ళజోళ్ళ కొట్లో అద్దాల బీరువాలు తుడిచాను. మా అత్తగారి మందులు వారానికి సరిపడా డబ్బాలో సర్దాను. పొయ్యి కింద పేరుకున్న జిడ్డు గోకాను. మిగిలింది నీకు ఉత్తరం రాయడం ఒక్కటే. నాలుగు రోజులుగా దీన్ని రేపటి పనుల్లోకి నెడుతూ వచ్చాను.

ఫోన్ చేయవచ్చు. కానీ మీ క్యాంపు ఆఫీసు ఫోన్‌లో నువ్వు మాట్లాడుతుంటే నీ వెనక వరసలో నిలబడ్డవాళ్ళ దగ్గులు కూడా నాకు వినిపిస్తాయి. ఇది అలా చెప్పే సంగతి కాదు. నీ కూతురు తూనీగ గురించి.

దాని టీచరు నన్ను బడికి పిలిపించింది. "మీ మేనకోడలికి తెలివికేం లోటు లేదండీ. మనసే పెట్టదు. పుస్తకం తెరిస్తే కిటికీ చూస్తుంది. కిటికీ మూస్తే పక్కపిల్ల జడ చూస్తుంది" అంది. మార్చి చివర్లో నాలుగో తరగతి పిల్లలందరికీ చదివే పరీక్ష ఉందట. ముందెప్పుడూ చూడని పేజీ ఒకటి చేతికిచ్చి, బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి ఎదుట పైకి చదవమంటారు. చదవలేని పిల్లల్ని తీసుకెళ్ళి రెండో తరగతిలో కూర్చోబెడతారు. తొమ్మిదేళ్ళ పిల్లని ఏడేళ్ళవాళ్ళ మధ్య కూర్చోబెడితే, మళ్ళీ ఆ బల్ల మీంచి లేస్తుందన్న నమ్మకం నాకు లేదు.

కళ్ళేమోనని మీ బావ మూడోసారి కొట్లో కూర్చోబెట్టి చూశారు. గోడ మీద అట్టలో చివరి వరస బొమ్మలు కూడా తడుముకోకుండా చెప్పేసింది. "నా దగ్గరున్న మందు కళ్ళజోడు ఒక్కటే. దానికి లొంగే జబ్బయితే ఎంత బాగుండేది" అని ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు.

అది ఎలా చదువుతుందో నువ్వు విని చాలా కాలమైంది కదా. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తుంది. నిన్న పాఠంలో 'గొడ్డలితో చెట్టు నరికాడు' అని ఉంటే 'గొడుగుతో చెట్టు నరికాడు' అని చదివింది. మా అత్తగారు మంచం మీంచే, "పాపం, వాన పడుతోందేమోలే" అంది. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

రోజూ సాయంత్రం ఒక గంట నేనే దాని ఎదురుగా కూర్చుంటున్నాను. బల్ల మీద వంట గడియారం పెడతాను, కూరకి పెట్టుకునేది. అది మోగేలోగా పేజీ పూర్తి కావాలి. తప్పు చదివితే వెంటనే దిద్దుతాను. మీ బావ కొట్లోంచి పైకొస్తే ఆయనో మాట చెబుతారు, అత్తగారో మాట చెబుతుంది. ఇల్లంతా దాని చదువు మీదే ఉన్నాం. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలే మనిషిని కానని నీకు తెలుసు. మార్చిలోగా దీని చేత చదివించి తీరతాను.

స్వెట్టరు పంపుతున్నాను. వేసుకో, పెట్టెలో దాచుకోకు.

అక్క


నవంబరు 20
వంతెన క్యాంపు, రేకుల గది

అక్కా,

స్వెట్టరు సరిపోయింది. చేతులు కాస్త పొడుగు. నేనింకా పెరుగుతున్న పిల్లాడిననే అనుకుంటున్నావు.

గొడుగుతో చెట్టు నరికిన మనిషెవరో నాకు కావాలి. ఇక్కడ వారం రోజులుగా వానలోనే పని చేయిస్తున్నారు. నది మధ్య రెండు స్తంభాలు లేచాయి. వాటి మీదికి దూలాలు ఎక్కించడం మొదలైంది. పొద్దున్న క్రేను ఎక్కితే మళ్ళీ భోజనానికే దిగడం.

ఒక మాట చెబుతాను, కోప్పడకు. దాన్ని అంతగా పిండకు. మా వెల్డరు సంతకం తప్ప ఇంకేమీ రాయడు. అయినా వాడు అతికిన చోట ఇనుము విరగదు. చదువు రాకపోతే కొంప మునగదు. తల్లి పోయిన పిల్ల, మూడేళ్ళుగా నీ పంచన నవ్వుతూ తిరుగుతోంది, నాకు అదే చాలు.

బడివాళ్ళు దాన్ని కింద తరగతికి దించేదాకా మనం చూస్తూ కూర్చోవడం ఎందుకు? నేనే తీసుకొచ్చేసుకుంటాను. ఇక్కడ క్యాంటీన్ నడిపే పెద్దావిడ మంచిది. పగలు చూసుకుంటానంది. ఇక్కడ బడి లేదు, నిజమే. బడి లేని చోట బడిలో పరువు పోవడమూ ఉండదు.

ఊరికే అంటున్నాను. ఆలోచించు.

తమ్ముడు


డిసెంబరు 14
ఇల్లు, వంటగది బల్ల దగ్గర

తమ్ముడికి,

ఊరికే అన్నావు కాబట్టి ఊరికే విన్నాను. ఇప్పుడు నేను చెప్పేది ఊరికే వినకు.

పోయిన నెల చివర్లో తూనీగ పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. బడి లేని రోజు నొప్పి లేదు. సాయంత్రం గడియారం తీసి బల్ల మీద పెట్టగానే మళ్ళీ నొప్పి. నేను మొండిదాన్నే కానీ గుడ్డిదాన్ని కాను. ఆసుపత్రిలో పిల్లల విభాగానికి తీసుకెళ్ళాను. అక్కడ చదువులో వెనకబడ్డ పిల్లల్ని చూడటానికి ఒకావిడ ఉంది. చిన్న మనిషి. తెల్లకోటు జేబు నిండా రంగు పెన్సిళ్ళు. ఆ గదిలో గోడలకి ఒక్క బొమ్మ కూడా లేదు. పిల్లల గదికి బొమ్మలు లేవేమిటా అనుకున్నాను. ఎందుకు లేవో తరవాత తెలిసింది.

ముందు తెర మీద జంతువుల బొమ్మలు ఒకటొకటిగా వేసింది. ఏ బొమ్మ వచ్చినా మీట నొక్కాలి, కుక్క వస్తే మాత్రం నొక్కకూడదు. మన పిల్ల మెరుపులా నొక్కుతోంది. కుక్క వచ్చినప్పుడు కూడా నొక్కేసింది. మళ్ళీ నొక్కేసింది. "అయ్యో, నాకు తెలుసండీ, చెయ్యి ముందే వెళ్ళిపోయింది" అని తన చేతినే తిట్టుకుంది.

నేను వెనక కూర్చుని, "చూసి నొక్కవే, అంత తొందరేమిటి?" అన్నాను.

ఆవిడ నావైపు తిరిగి, "మీరొకసారి రండి" అంది. నాకొక కాగితం ఇచ్చింది. దాని నిండా రంగుల పేర్లు. 'ఎరుపు' అన్న మాట పచ్చ సిరాతో, 'నీలం' అన్న మాట పసుపు సిరాతో, అలా. మాట చదవకూడదట, సిరా రంగు పైకి చెప్పాలట. ఇంతేనా అనుకున్నాను. మొదటిదానికే 'ఎరుపు' అన్నాను. నాలిక కరుచుకుని మళ్ళీ మొదలుపెట్టాను. 'నీలం' అన్నాను. తమ్ముడూ, నేను బజారు చీటీలో ఉప్పు మరిచిపోని మనిషిని. ఆ కాగితం ముందు నత్తి వచ్చినదానిలా నిలబడ్డాను. తూనీగ పడీ పడీ నవ్వింది. "అత్తా, పచ్చ! పచ్చ! కనిపించట్లేదా? మామయ్య చేత కళ్ళు చూపించుకో" అంది.

ఆవిడ కూడా నవ్వి అప్పుడు చెప్పింది. "చదవడం ఆపడం మీకు చేతకాలేదు చూశారా? ఊహించడం ఆపడం తనకు చేతకావట్లేదు. మీరు తొందరపడ్డారని ఎవరైనా తిడితే ఆగుతుందా?"

ఇంకా చాలాసేపు మాట్లాడింది. అక్షరాన్ని శబ్దంతో కలపడంలో దీనికి కొంత ఆలస్యం ఉందట. అందుకు వేరే అభ్యాసాలు ఇచ్చింది, వారానికోసారి తీసుకురమ్మంది. కానీ ఆ అభ్యాసం అంటుకోవాలన్నా ధ్యాస ఒకచోట నిలవాలి కదా. అక్కడ ఆవిడ అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "మీరందరూ ఈ పిల్లకు ధ్యాస లేదంటున్నారు. ఈ పిల్లకు అన్నింటి మీదా ధ్యాస ఉంది. దేన్ని వదిలెయ్యాలో తెలియదు, అంతే."

ఇంటికి రాగానే తూనీగనే అడిగాను, చదివేటప్పుడు నీకేం వినిపిస్తుందే అని. అది వేళ్ళు మడుస్తూ చెప్పింది. గడియారం. మామయ్య మెట్లెక్కే చప్పుడు. బామ్మ మంచం కిర్రుమనడం. ఇంకా... చెప్పకుండా ఆగింది. చెప్పవే అన్నాను. "నువ్వు నన్ను దిద్దబోయే ముందు ఊపిరి పీలుస్తావత్తా. అది వినపడగానే తప్పు చదివానని తెలిసిపోతుంది. అప్పుడింక అక్షరాలు కనిపించవు."

గడియారాన్ని వంటగది అలమరాలో పై అరలో పెట్టేశాను. ఊపిరిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

పరీక్ష దాకా దాన్ని కదిలించే మాట ఎత్తకు. నాకు దారి సగమే తెలిసింది. మిగతా సగం వెతుకుతున్నాను.

అక్క


జనవరి 8
వంతెన క్యాంపు, రేకుల గది

అక్కా,

నీ ఉత్తరం క్రేను మీదే చదివాను. దేన్ని వదిలెయ్యాలో తెలియదన్న మాట దగ్గర ఆగిపోయాను. మా పని మొత్తం అదే.

నేను ఆ ఎత్తున గాజు గదిలో కూర్చుంటాను. కింద నలభై మంది. ఒకడు స్నేహితుణ్ణి పిలుస్తూ చెయ్యి ఊపుతాడు. ఒకడు ఈగని తోలుకుంటాడు. మేస్త్రీ ఇటు ఇటు అని గంతులేస్తాడు. నేను చూసేది ఒక్కడి చెయ్యే, నారింజ చొక్కా వేసుకున్న సైగలవాడిది. మా మేనేజరే వచ్చి చెయ్యి ఊపినా నా దృష్టిలో ఆయన ఈగని తోలుకుంటున్నట్టే. రెండు చేతులు చూసిన రోజు దూలం ఎవడో ఒకడి నెత్తిన పడుతుంది. కొత్తవాళ్ళకి ముందు నేర్పేది లివరు కాదు, ఇదే.

ఒక్క సైగ మాత్రం వేరు. 'ఆపు.' చెయ్యి చాచి అరచెయ్యి చూపించడం. అది ఎవరు చూపించినా, మంచినీళ్ళ బిందె మోసేవాడు చూపించినా, ఆపాల్సిందే. ఎందుకూ అని ఆపిన తరవాతే అడగాలి.

మీ ఇంట్లో సైగలవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టు. లెక్కలు నీకే బాగా వచ్చు.

ఇంకో సంగతి. కుటుంబాలు ఉండే వరసలో ఒక గది ఖాళీ అయింది. నా పేరున రాయించుకుని తాళం తీసుకున్నాను. కిటికీలోంచి నది కనిపిస్తుంది. ఏప్రిల్‌లో సెలవు పెట్టి వచ్చి తూనీగని తీసుకెళ్తాను. పరీక్ష ఎలా అయినా సరే.

బావకి చెప్పు.

తమ్ముడు


ఫిబ్రవరి 2
ఇల్లు, వంటగది బల్ల దగ్గర

తమ్ముడికి,

లెక్కపెట్టాను. మా ఇంట్లో ఉన్నవాళ్ళందరూ సైగలవాళ్ళే.

ఆ సాయంత్రమే అందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి నీ ఉత్తరంలో క్రేను ముక్క చదివి వినిపించాను. మా అత్తగారు, "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని నేనెప్పుడూ చెప్పేదే" అంది. "సరేనత్తా, మరి మనింట్లో మూడున్నాయి" అన్నాను. తూనీగ వైపు తిరిగి, "నీ సైగలమనిషిని నువ్వే ఎంచుకో. చదివేటప్పుడు ఆ ఒక్కరే నీ పక్కనుంటారు. మిగతావాళ్ళం నోరెత్తం" అని చెప్పాను. నన్నే అంటుందని కుర్చీ ముందుకు జరుపుకున్నాను కూడా.

"మామయ్య" అంది.

"నేనేం తక్కువే?"

"నీకు అన్నీ వినిపిస్తాయత్తా. మామయ్యకి సగమే వినిపిస్తాయి."

మీ బావ నవ్వాలో ఏడవాలో తెలియక చెవి గోక్కున్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. నీ దగ్గర దాచడం ఎందుకు, కష్టంగానే అనిపించింది. ఆసుపత్రికి తిప్పింది నేను, అభ్యాసాలు రాసిపెట్టింది నేను, ఎంపికైంది ఆయన. మరునాటి నుంచి వాళ్ళిద్దరూ కొట్టు కట్టేశాక కిందే కూర్చుంటున్నారు. కొట్లో ఒక దీపం, ఒక బల్ల, ఇద్దరు. చదివే వరస తప్ప మిగతా పేజీని ఆయన అట్టముక్కతో మూసి ఉంచుతారు. అది తలెత్తి చూస్తేనే సాయం చేస్తారు, లేకపోతే అద్దాలు తుడుచుకుంటూ కూర్చుంటారు. నేను కిందికి దిగను. మెట్ల దగ్గరిదాకా వెళ్ళి వెనక్కొచ్చిన రోజులున్నాయి.

ఆపు సైగ కూడా ఇచ్చాం. వారం రోజులు ఇంట్లో బతకనివ్వలేదు. స్నానానికి రమ్మంటే అరచెయ్యి. పాలు తాగమంటే అరచెయ్యి. మా అత్తగారు సామెత ఎత్తుకోబోతే చెయ్యి చాచింది. పెద్దావిడ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. నాకు తెలిసి ఆవిణ్ణి ఆపిన మనిషి ఇంతవరకూ లేడు. తరవాత సైగ చదువుకే అని కట్టడి చేశాం.

నిన్న కొట్లో కళ్ళజోళ్ళ పెట్టెలు సర్దే మిషతో వెళ్ళి చాటుగా చూశాను. ఒక మాట దగ్గర ఊహించి, పెదవులు ముందే గుండ్రంగా చుట్టింది. ఆగింది. చుట్టిన పెదవులు విప్పేసింది. వేలు మాట చివరిదాకా వెళ్ళింది. అప్పుడు పలికింది. ఆ మాట తప్పో ఒప్పో కూడా నేను చూడలేదు. పెదవులు విప్పడమే చూశాను. కుక్క బొమ్మ వచ్చినప్పుడు చెయ్యి ఆగింది, తమ్ముడూ.

ఇక నీ గది సంగతి. 'పరీక్ష ఎలా అయినా సరే' అని రాశావు. అంటే ఇది చదువు గురించి కాదన్నమాట. నవంబరులో పరువన్నావు, వెల్డరన్నావు. అసలు సంగతి నీ గది బోసిగా ఉంది. అది నాకు అర్థం కాదనుకున్నావా? కానీ నీ గది నింపుకోవడానికి దాని బడి ఖాళీ చేయకు. నువ్వు వస్తే తలుపు తీస్తాను, అన్నం పెడతాను, పిల్లని మాత్రం బడి లేని చోటికి పంపను. ఇది ఊరికే అంటున్న మాట కాదు.

అక్క


ఫిబ్రవరి 19
వంతెన క్యాంపు, రేకుల గది

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజు చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

అది నా కూతురు. పంపను అనడానికి నువ్వెవరు అని రాసి, ఆ కాగితం మాత్రం చింపేశాను. దాని బదులు ఇది అడుగుతున్నాను. నీకూ ఇంట్లో వేరే పిల్లలు లేరు. నువ్వు దాని చదువు కోసమే పట్టుకున్నావా, లేక దాన్ని వదల్లేకనా? నిజం చెప్పు.

నా నిజం నేను చెబుతాను. పని గంట కొట్టినా నాకు క్రేను దిగబుద్ధి కాదు. పైన ఉన్నంతసేపూ కింద ఒకడు నాకోసం చెయ్యి ఎత్తి ఉంటాడు. దిగితే గది. ఆ గదిలో ఎవరూ ఏ సైగా చెయ్యరు. మూడేళ్ళయింది. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, నీకూ ఇన్నాళ్ళూ చెప్పలేదు.

గది తాళం నా దగ్గరే ఉంది. వదులుకోను. ఏప్రిల్ మాట ఏప్రిల్‌లో.

పెదవులు విప్పిన సంగతి నాలుగుసార్లు చదివాను.

తమ్ముడు


మార్చి 27
ఇల్లు, వంటగది బల్ల దగ్గర

తమ్ముడికి,

నువ్వడిగిన దానికి ముందు జవాబు. అవును, వదల్లేకనే. చదువు కోసం కూడా. రెండూ నిజమే, ఏది ఎంతో విడదీయడం నాకు చేతకాలేదు.

పరీక్ష నిన్న మొదలై ఇవాళ ముగిసింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న పదకొండింటికి బడినుంచి కబురు. ప్రధానోపాధ్యాయురాలి గదిలో తూనీగ గోడకానుకుని నిలబడి ఉంది. ఏడవట్లేదు. పక్క కుర్చీలో పరీక్షాధికారి, పెద్దాయన, చేతిలో సెకన్ల గడియారం.

"మీ అమ్మాయి అధికారిగారి మొహానికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇంట్లో ఇదేనా మీరు నేర్పుతున్నది?" అంది ప్రధానోపాధ్యాయురాలు.

"అవునండీ, ఇదే నేర్పాం."

"ఏమిటీ?"

"అది క్రేను సైగ అండీ."

మన ఇంటి నియమం మన ఇంటివాళ్ళకే తెలుసు, బయటివాళ్ళకి అది చెంపదెబ్బలా ఉంటుందని మాకెవరికీ తట్టలేదు. చదివించడం తప్ప నేను వేరే ఏదీ ఆలోచించలేదు. తప్పు మాదేనని చెప్పాను. పిల్ల చేత క్షమాపణ చెప్పించాను. చెప్పింది, గట్టిగానే చెప్పింది.

అప్పుడు ఆ పెద్దాయన గడియారం జేబులో వేసుకుని, "ఎందుకు ఆపమన్నావమ్మా?" అని దాన్నే అడిగాడు.

"మీరొక పక్కనుంచి చెప్పారు. టీచరుగారు ఇంకో పక్కనుంచి తొందరగా అన్నారు. నాకు రెండూ వినిపించాయి. పేజీ వినిపించలేదు."

ప్రధానోపాధ్యాయురాలు, "చదవలేకపోయింది కాబట్టి చెయ్యి ఎత్తింది, అంతే. రెండో తరగతి" అంది. నేను ఆసుపత్రి కాగితం బల్ల మీద పెట్టి, "ఎవరూ మాట్లాడకుండా, గడియారం లేకుండా ఒక్కసారి చదివించండి. అప్పుడూ రాకపోతే నేనే దాని చెయ్యి పట్టుకుని రెండో తరగతిలో కూర్చోబెట్టి వస్తాను" అన్నాను. కుదరదంది. మీరు వెళ్ళవచ్చంది. నేను ఆ గది బయట బల్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాల గంట మోగింది. ఆవిడ నా ముందునుంచి వెళ్ళింది, వచ్చింది. నేను లేవలేదు. ఇంట్లో బట్టలు నానబెట్టినవి నానుతూనే ఉన్నాయి. చివరి గంట మోగాక బయటికొచ్చి, "రేపు పొద్దున్న, నా గదిలో. పేజీ కొత్తది ఇస్తాను" అంది. నన్ను చూసి జాలిపడిందో, విసిగిపోయిందో తెలియదు. రెండిట్లో ఏదైనా నాకు పనికొచ్చేదే.

ఇవాళ పొద్దున్న గుమ్మం దగ్గర తూనీగ నా కొంగు పట్టుకుని ఆపింది. "అత్తా, నువ్వు కూడా బయటే ఉండు. నీ ఊపిరి వినపడుతుంది" అంది. తలుపు నా ముందే వేసుకుంది.

లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. ఎంతసేపు పట్టిందో కూడా చూడలేదు. ఎదురుగా గోడగడియారం ఉంటే దానికి వీపు పెట్టి కూర్చున్నాను. తలుపు తెరిచినప్పుడు పెద్దాయన చేతిలో కాగితం ఉంది. అందులో ఆయన రాసింది ఇంతే: 'చాలా నిదానం. రెండు చోట్ల ఆగి వెనక్కి వెళ్ళింది. ఎక్కడా ఊహించలేదు. అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పింది.' అయిదో తరగతికి తన స్నేహితులతోనే వెళ్తుంది. రోజూ ఒక పీరియడు మాత్రం చదవడానికి చిన్న తరగతిలో కూర్చోవాలి. గెలుపులో ముక్కే దక్కింది. ముక్కయినా గట్టిది.

ఇంటికొస్తుంటే దారిలో చెప్పాను, నాన్న ఏప్రిల్‌లో వస్తాడు, నీకోసం గది తీసుకున్నాడు, నిన్ను అక్కడికి తీసుకెళ్ళాలనుకుంటున్నాడు అని. నీ వైపునుంచి చెప్పాల్సిందంతా చెప్పాను, నది కనిపించే కిటికీ కూడా దాచలేదు. అక్కడ బడి లేదన్నదీ చెప్పాను. అంతా వింటూ నడిచింది. తరవాత అడిగింది.

"నాన్న ఉత్తరాలన్నీ నీకే రాస్తాడేం? నా సంగతులు కూడా నీకే రాస్తాడు."

"నీకు రాస్తే చదివి వినిపించాల్సింది నేనే కదే."

"రాసి చూడమను."

అదే మాట నీకు రాస్తున్నాను. నేనింక నీకు అడ్డం నిలబడను, దానికి ముందూ నిలబడను. నీ నిర్ణయం ఏదైనా దానికే రాయి.

అక్క


ఏప్రిల్ 10
వంతెన క్యాంపు

తూనీగా,

నేను నాన్నని. ఈ ఉత్తరం నీకే. అత్తకి కాదు. అత్తకి చూపించాలో లేదో నీ ఇష్టం.

అక్షరాలు పెద్దవిగా రాశాను. వరసల మధ్య చోటు వదిలాను. నెమ్మదిగా చదువు. నాకు తొందర లేదు.

నువ్వు చెయ్యి ఎత్తి ఆపావని విన్నాను. మా సైగలవాడికి చెప్పాను. వాడు నీకు సలాం చెప్పమన్నాడు. కానీ పెద్దవాళ్ళతో ముందు నోటితో చెప్పు. చెయ్యి తరవాత.

నీకోసం ఒక గది తీసుకున్నాను. ఆ గదిలో నువ్వు ఉంటావనుకున్నాను. రోజూ వెళ్ళి తుడిచాను. నిన్న తాళం తిరిగి ఇచ్చేశాను. వెల్డరు భార్య, పిల్లలు అందులో దిగారు. వాళ్ళ పాప కిటికీ దగ్గర కూర్చుంటోంది.

నువ్వు అక్కడే ఉండు. బడికి వెళ్ళు. నాకు ఇక్కడ ఒంటరిగా ఉంటుంది. అది నీ తప్పు కాదు. అది తీర్చడం నీ పని కూడా కాదు.

నెలాఖరుకి వస్తాను. పది రోజులు ఉంటాను. నువ్వు చదువుతుంటే వింటాను. నువ్వు తలెత్తి చూసేదాకా మాట్లాడను. తరవాత నేనొక్కడినే తిరిగి వస్తాను. మళ్ళీ నీకే రాస్తాను.

నాన్న


ఏప్రిల్ 17
ఇల్లు, మేడమెట్ల మీద

తమ్ముడికి,

సోమవారం పోస్టు మనిషి కవరు నా చేతికిచ్చాడు. పైన దాని పేరుంది. దానికిచ్చేశాను. అది పడకగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. మీ బావ తలుపు తట్టి, సాయం కావాలా అని అడిగితే, "మామయ్యా, ఇది మన పాఠం కాదు" అంది. మా అత్తగారు గోడకి చెవి ఆనించబోతే నేను చెయ్యి చాచి ఆపాను.

ఆ రోజు బయటికొచ్చి ఏమీ చెప్పలేదు. మంగళవారం బడినుంచి రాగానే మళ్ళీ గడియ. వంట చేస్తూ గోడవతల గొణుగుడు విన్నాను. ఒకే వరస మళ్ళీ మళ్ళీ. ఆగడం. మళ్ళీ మొదటికి రావడం. కూర అడుగంటింది. నేను ఇంతవరకూ కూర మాడ్చిన మనిషిని కాను.

బుధవారం భోజనాల దగ్గర, చెంచా కింద పెట్టి, మా అందరికీ వార్త చెప్పింది. "నాన్న నెలాఖరుకి వస్తాడు. పది రోజులుంటాడు. నేను ఇక్కడే ఉంటాను. గది వెల్డరువాళ్ళకి ఇచ్చేశాడు. నాన్నకి అక్కడ ఒంటరిగా ఉంటుందట." నీ నిర్ణయం నాకు దాని నోటి వెంటే తెలిసింది. మీ బావ నీళ్ళగ్లాసు ఎత్తి దించడం మరిచిపోయారు. నేనేమన్నానో నాకు గుర్తులేదు. "ఇంకొంచెం వడ్డించనా" అన్నానట.

తరవాత నా దగ్గరికొచ్చి ఒక మాట మాత్రం అడిగింది. "ఒంటరిగా ఉన్నవాళ్ళకి జవాబు తొందరగా రాయాలి కదా అత్తా?" అవునన్నాను. రెండు రోజులు రాసింది. రాసేటప్పుడు నేను మేడ మీద ఉన్నాను, ఊపిరితో సహా.

ఈ కవరులో ఉన్న రెండో కాగితం అదే. మడతపెట్టి తనే లోపల పెట్టింది. నేను చదవలేదు. దిద్దలేదు. తప్పులుంటే అవి మీ ఇద్దరివీ.

నీ ఉత్తరానికి తూనీగ జవాబు బాకీ: చెల్లు.

అక్క